చేయను, చేయలేను

డిమాండ్ అనే ఇంగ్లీషు మాట వినగానే గుంటూరు వైపు వాళ్ళకి ముందుగా మిర్చి యార్డు గుర్తొస్తుంది. ఈ వారం తేజ రకానికి డిమాండ్ ఉందా, కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీలు బయటికి తీయవచ్చా అన్న చర్చల్లో నలిగే మాట అది. అంతకన్నా పాతది, కచేరీ అర్థం ఇంకొకటుంది. రైతువారీ పద్ధతిలో శిస్తు లెక్కలు డిమాండు, వసూలు, బాకీ అనే మూడు గడుల్లో నడిచేవి. సర్కారుకి ఇవ్వవలసినది మొదటి గడి, ఇచ్చినది రెండోది, ఇవ్వనిది మూడోది. ‘కట్టను’ అని ఎదురు తిరిగినవాడూ, పంట పోయి ‘కట్టలేను’ అని చేతులు జోడించినవాడూ ఆ కాగితం మీద ఒకే చోట, బాకీ గడిలో, పక్కపక్కనే కనబడతారు.

ఆ ఇద్దరినీ విడదీయడం గురించే ఈ టపా. అయితే విషయం శిస్తు కాదు. కొందరు పిల్లలు, అలాంటి పిల్లలుగా పెరిగి పెద్దవాళ్ళయిన కొందరు మనుషులు. వీళ్ళ స్థితికి ఇంగ్లండులో పెథలాజికల్ డిమాండ్ ఎవాయిడెన్స్ అని పేరు పెట్టారు. పొట్టిగా పి.డి.ఎ. ఇక్కడ డిమాండ్ అంటే పళ్ళు తోముకో, చొక్కా వేసుకో, అత్తయ్యకి నమస్కారం పెట్టు వంటి మామూలు పనులు చెప్పడమే. తెలుగులో దీనికి పురమాయింపు అనే చక్కటి మాట ఉంది గాని అది కొంచెం ఇరుకు. నోటితో ఎవరూ చెప్పకపోయినా గోడ మీది గడియారం, కడుపులోని ఆకలి, ఎదుటివాళ్ళ కళ్ళలోని ఆశ, ఇవన్నీ వీళ్ళకి పురమాయింపులే. ఎవాయిడెన్స్ సంగతి ఇంకా చిక్కు. ఎగవేత అందామంటే పన్ను ఎగవేత గుర్తొచ్చి మోసం ధ్వనిస్తుంది. నిరాకరణ అందామంటే సహాయ నిరాకరణం గుర్తొచ్చి త్యాగం ధ్వనిస్తుంది. ఈ పిల్లల్లో ఉన్నది మోసమూ కాదు, త్యాగమూ కాదు. మంచి మాట తట్టిన మిత్రులు చెప్పగలరు. అందాకా పి.డి.ఎ. అనే అంటాను.

నిరాకరణను గౌరవించడం మా నేలకి కొత్త కాదు. చీరాల పేరాల కథ చాలామందికి తెలిసినదే. అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ జంట గ్రామాలు (1970 నుంచి ప్రకాశంలో, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి) సుమారు పదిహేను వేల జనాభా, ఎక్కువమంది చేనేతవారు. 1919లో ప్రభుత్వం వాటిని కలిపి పురపాలక సంఘం చేసింది. పన్నులు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగాయి. మాకు మునిసిపాలిటీ వద్దన్నారు జనం. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెసు సమావేశం ముగిశాక గాంధీగారు చీరాల వచ్చి, పన్ను నిరాకరించి శిక్షలు అనుభవించడం ఒక దారి, ఊరే వదిలి పోవడం ఇంకొక దారి అని చెప్పారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో జనం రెండోది ఎంచుకున్నారు. అత్యధికులు ఇళ్ళకి తాళాలు వేసి, పురపాలక హద్దు దాటి, రామనగర్ అని పేరు పెట్టుకున్న పాకల ఊళ్ళో దాదాపు పదకొండు నెలలు ఎండకీ వానకీ ఓర్చి ఉన్నారు. నాయకుడు జైలుకి పోయి, నిధులు అడుగంటాక తిరిగొచ్చారు. మరుసటి జనవరిలో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరిగారి వెంట శిస్తు కట్టమన్నారు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. అదీ కొద్ది వారాల్లోనే ఆగిపోయింది. రెండూ చివరికి ఓడినవే అయినా వందేళ్ళ తర్వాత కూడా తలెత్తి చెప్పుకుంటున్నాం.

ఆ నిరాకరణలకి ఉన్న లక్షణాలు ఒకసారి గమనించండి. వాళ్ళు కట్టగలిగి కట్టలేదు. ఎందుకు కట్టడం లేదో చెప్పగలిగారు. పక్కన వేలమంది ఉన్నారు. ఎప్పుడు మానాలో, ఎప్పుడు తిరిగి రావాలో తమ చేతిలో ఉంది. నిరాకరణ అనే మాటకి గౌరవం తెచ్చినవి ఈ నాలుగూ. ఇవి నాలుగూ లేని నిరాకరణ ఒక ఇంట్లో, ఒక పిల్లవాడిలో కనబడితే దానికి మనం పెట్టే పేర్లు వేరు. మొండి, పెంకి, జగమొండి, మాట వినడు, గారం చేసి చెడగొట్టారు.

మా బంధువుల్లో అలాంటి పిల్లవాడొకడు ఉన్నాడు. వాళ్ళ తాతకి మిరప చేలున్నాయి. కోతల రోజుల్లో వాడు కల్లంలో కూర్చుని ఎర్రకాయల్లోంచి తాలుకాయలు ఏరేవాడు. ఎవరూ చెప్పలేదు. కూలికి వచ్చిన ఆడవాళ్ళకన్నా వేగంగా, ఒక్క తాలుకాయ కూడా తప్పకుండా, పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా. మూడో రోజు తాత ముచ్చటపడి భుజం తట్టి, “మా నాన్నే! రేపు కూడా ఇట్లాగే ఏరాలిరా” అన్నాడు. అంతే. వాడు మళ్ళీ కల్లం దరిదాపులకి రాలేదు. తాతకి మనసు నొచ్చుకుంది. నేనేమన్నానని? నిజానికి ఆయన అన్న మాటలో తప్పేమీ లేదు. కాని వాడి లెక్కలో అప్పటిదాకా తనదిగా ఉన్న పని ఆ క్షణంలో డిమాండు గడిలోకి మారిపోయింది. ఆ సాయంత్రం వాళ్ళమ్మతో, “నా చేతులు రావడం లేదమ్మా” అన్నాడట. ఇంట్లో అందరూ నవ్వారు. బద్ధకానికి వంక అనుకున్నారు.

ఈ ‘చేతులు రావడం లేదు’ అనే మాటని ఇంగ్లండులో వృత్తిరీత్యా విన్న మనిషి ఒకావిడ ఉన్నారు. ఆవిడ పేరు ఎలిజబెత్ న్యూసన్ (1929–2014). నాటింగ్‌హాం విశ్వవిద్యాలయంలో బాల మనస్తత్వ శాస్త్రవేత్త. భర్త జాన్ న్యూసన్‌తో కలిసి 1958లో అక్కడ పిల్లల ఎదుగుదల పరిశోధన కేంద్రం పెట్టి, ఆ ఊళ్ళో ఏడు వందల కుటుంబాల తల్లుల్ని వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి పలకరించి, పిల్లల్ని ఎలా పెంచుతున్నారో విని రాశారు. బిడ్డ ఏడాది వయసులో ఒకసారి, నాలుగేళ్ళకి మరొకసారి, అలా వెంటబడి విన్నారు. 1963లోనూ 1968లోనూ వచ్చిన ఆ పుస్తకాల విశిష్టత, పిల్లల పెంపకంలో నిపుణురాలు తల్లే అని నమ్మి మొదలుపెట్టడం. ఆ కాలంలో వైద్యులు తల్లులకి చెప్పేవారే గాని తల్లుల్ని అడిగేవారు తక్కువ. ఆటిజానికి తల్లి ప్రేమలోని చల్లదనమే కారణమని పెద్ద పెద్ద పేర్లున్నవాళ్ళు వాదిస్తున్న రోజులవి. ఆ సంగతి గుర్తుంచుకుంటే న్యూసన్‌గారు చేసిన పని విలువ తెలుస్తుంది.

ఆవిడ నడిపిన పరీక్షా కేంద్రానికి ఇతర వైద్యులు అంతుబట్టని పిల్లల్ని పంపేవారు. ‘ఆటిజంలా ఉంది, కాని పూర్తిగా అలా లేదు’ అని చీటీ రాసి పంపే పిల్లలు. కొంతకాలానికి ఆవిడకి ఒకటి తోచింది. వీళ్ళు మామూలు ఆటిజం పిల్లలతో పోలరు గాని ఒకరితో ఒకరు పోలుతున్నారు. మాటకారులు. ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తారు. నటన, వేషాలు, లేనిది ఉన్నట్టు ఆడే ఆటలు బాగా ఇష్టం. ఇవేవీ అప్పటి ఆటిజం వర్ణనలో ఇమడవు. అయితే ఏ చిన్న పని చెప్పినా తప్పించుకోవడానికి తమ తెలివంతా ఖర్చు పెడతారు. మాట మారుస్తారు, ముద్దు చేస్తారు, వంకలు చెప్తారు, పిల్లిగానో కుక్కగానో మారిపోతారు, కాళ్ళు పనిచేయడం లేదంటారు. ఇవన్నీ అయిపోయాక కూడా వదలకపోతే కేకలు, తన్నులు, చేతికందినది విసరడం. చూసేవాళ్ళకి అది కోపం. దగ్గరగా చూసిన న్యూసన్‌గారికి అది భయం. నీళ్ళలో మునుగుతున్నవాడు పక్కవాణ్ణి పట్టుకుని పీకడం లాంటిది.

1980లలో ఆవిడ ఈ పేరు వాడడం మొదలుపెట్టారు. ఒక వైద్య పత్రికలో పూర్తి వ్యాసంగా అది వెలువడింది మాత్రం 2003లో, మరి ఇద్దరు సహచరులతో కలిసి, నూట యాభై మంది పిల్లల వివరాల ఆధారంగా. అందులో ఆడపిల్లలూ మగపిల్లలూ దాదాపు సమానం. ఆటిజంలో మగపిల్లల సంఖ్యే చాలా ఎక్కువని నమ్మే ఆ రోజుల్లో ఇది ఆశ్చర్యమే. పి.డి.ఎ. ఆటిజం కన్నా వేరైన స్థితి అని ఆవిడ భావించారు. ఇప్పుడు బ్రిటన్‌లో ఎక్కువమంది దాన్ని ఆటిజంలోనే ఒక తీరుగా చూస్తున్నారు.

ఈ పిల్లల్ని న్యూసన్‌గారే మొదట చూశారని కూడా అనలేం. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ రాసిన వ్యాసంలో, చెప్పిన పని చేయని పిల్లలతో ఎలా మాట్లాడాలో ఒక సూచన ఉంది. ‘నువ్వు ఇది చెయ్యి’ అని ముఖాన చెప్పకుండా, అందరికీ వర్తించే నియమాన్ని ఎవరో ప్రకటించినట్టు, వ్యక్తి ప్రసక్తి లేకుండా చెబితే పని జరుగుతుందని. (ఆయన గురించి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నాజీల కాలంలో కొందరు పిల్లల్ని చావుకి పంపే వ్యవస్థకి ఆయన సహకరించాడని 2018లో ఆస్ట్రియా చరిత్రకారుడు హెర్విగ్ చెక్ దస్తావేజులతో చూపించాడు. గమనిక మంచిదే, మనిషిని మాత్రం తలకెత్తుకోలేను.)

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. కాదనేవాళ్ళకి జబ్బు అంటగట్టడం అధికారంలో ఉన్నవాళ్ళ పాత అలవాటు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే అమెరికా వైద్యుడు, బానిసలు యజమానుల దగ్గర్నుంచి పారిపోవడాన్ని ఒక మానసిక రోగంగా వర్ణించి డ్రాపెటోమేనియా అని దానికి గ్రీకు పేరు పెట్టాడు. రోగి ఎవరో, రోగం ఎక్కడుందో చూడండి! చీరాల జనానికి ఎవరూ ఇలాంటి పేరు పెట్టలేదు గాని, పెట్టదలిస్తే కచేరీలో చదువుకున్నవాళ్ళకి కొదవ లేదు. కాబట్టి పెథలాజికల్ అనే విశేషణం ముందు ఎవరైనా జంకితే ఆ జంకు సబబే. ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2013లోనే ఈ పేరుని నిలదీశాడు. అతిగా తలవంచే లోకంలో తలవంచని మనిషి రోగి ఎలా అవుతాడు, అడిగినవాడి అడగడంలో తప్పుండదా, అన్నది ఆ వాదం సారాంశం. 2018లో లాన్సెట్ వారి బాల వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, ఇవి లక్షణాలే తప్ప విడిగా ఒక వ్యాధి సముదాయం కాదంది. అమెరికా వారి డి.ఎస్.ఎం. 5లో గాని, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐ.సి.డి. 11లో గాని పి.డి.ఎ. లేదు. ఈ స్థితిలో ఉన్నవాళ్ళే కొందరు అవే మూడు అక్షరాలు ఉంచి అర్థం మార్చుకున్నారు: పర్వేసివ్ డ్రైవ్ ఫర్ ఆటానమీ. అంటే స్వాతంత్ర్యం కోసం అణువణువునా ఉండే తపన. అందంగానే ఉంది. అయితే నాకు ఈ పేరూ సగమే నిజం అనిపిస్తుంది, కారణం చెబుతాను.

స్వాతంత్ర్యం కోసమే అయితే తనకి తాను ఇష్టపడి పెట్టుకున్న పని చేయగలగాలి కదా. ఈ మనుషులు అదీ చేయలేరు. తనకిష్టమైన సినిమాకి తానే బయల్దేరి గడప దగ్గర ఆగిపోతారు. ఆకలేస్తుంటే కంచం ముందు కూర్చుని తినలేకపోతారు. చూడాలనుకున్న స్నేహితుడి ఫోను మోగుతుంటే చూస్తూ ఉండిపోతారు. పెద్దవాళ్ళయినవారు రాసుకున్న అనుభవాల్లో పదేపదే కనబడేది ఇదే. ‘చేయాలి’ అన్న తలంపు తనలోంచి పుట్టినా సరే, పుట్టగానే అది బయటివాడి గొంతులా వినబడి ఒళ్ళు బిగుసుకుంటుంది. చీరాల సత్యాగ్రహికి పోరాటం మునిసిపాలిటీతో. వీళ్ళకి పోరాటం తమ ఆకలితో కూడా. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ఈ తప్పించుకోవడానికి వెనక, ఏమవుతుందో తెలియని స్థితిని భరించలేకపోవడం, దానివల్ల కలిగే ఆందోళన ఉన్నాయని చూపింది. పరాధీనత మీద కోపం కన్నా అనిశ్చితి మీద భయం.

ఈ తేడా చెప్పడానికి మన భాషే బాగా పనికొస్తుంది. ‘చేయను’ అనేది ఒక క్రియ. అందులో ‘నేను’ కర్తగా నిలబడి ఉంటాడు. ‘చేయలేను’లో కర్త ఉన్నాడు గాని శక్తి లేదు. ఇంకా ఒక మెట్టు దిగితే ‘నాకు చేయబుద్ధి కావడం లేదు’, ‘నాకు చేతకావడం లేదు’. ఇక్కడ ‘నేను’ కర్తే కాదు, ‘నాకు’ అయిపోయాడు. ఆకలేసినట్టు, భయమేసినట్టు, అది తన మీదికి వచ్చి పడింది. చేత కాకపోవడమంటే చేతికి రాకపోవడమే. ‘నా చేతులు రావడం లేదమ్మా’ అన్నప్పుడు ఆ పిల్లవాడు వంక చెప్పలేదు, వ్యాకరణ సమ్మతంగా నిజమే చెప్పాడు. కాని గొంతు పెంచి అడిగితే వాడి నోట వచ్చేది ‘చేయను’ అన్న మాటే. ఎందుకంటే ‘చేయలేను’ అనడం ఓటమి ఒప్పుకోవడం, అంత భయంలో అది కుదరదు. మనం విన్న ‘చేయను’ని బట్టి బాకీ గడిలో రాసేస్తాం.

రాసేశాక చేసేది వసూలు. ఇక్కడే మా ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. రెసిడెన్షియల్ కళాశాలలు, హాస్టళ్ళు, తెల్లవారకముందే లేపి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్ నడిపే పద్ధతి గుంటూరు చుట్టుపక్కల బాగా వేళ్ళూనుకుంది. రైతు కుటుంబాలు ఆ చదువుల వల్లే నేల వదిలి ప్రపంచం మీదికి వెళ్ళాయి, ఆ ఉపకారం నేను కాదనను. కాని రోజులో ప్రతి అరగంటా పురమాయింపుగా ఉండే చోటు ఈ పిల్లలకి ఎలా ఉంటుందో ఊహించండి. నేను చెప్పిన పిల్లవాణ్ణి ఎనిమిదో తరగతిలో అలాంటి ఒక చోట వేశారు. ‘దారికి వస్తాడు’ అని. పేరు అనవసరం. నాలుగో వారానికి వాడు మంచం దిగడం మానేశాడు. వార్డెన్ కొట్టాడు. పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించడం 2009 విద్యాహక్కు చట్టంలో స్పష్టంగా నిషేధం. ఆ తర్వాత వాడు అన్నం మానేశాడు, అటుపైన మాట మానేశాడు. వాళ్ళ నాన్న వెళ్ళి ఇంటికి తెచ్చుకునేటప్పటికి మనిషి సగమయ్యాడు. వాడు మళ్ళీ పూర్తి వాక్యం మాట్లాడింది ఏడు నెలలకి.

పత్తి పండించిన ఇళ్ళవాళ్ళకి ఇది ఇంకోలా చెప్పవచ్చు. 1980లలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట అద్భుతంగా పనిచేశాయి. పురుగు తగ్గకపోతే మోతాదు పెంచారు, అదీ చాలకపోతే రెండు మందులు కలిపి కొట్టారు, వారానికి రెండు తడవలు కొట్టారు. ఆ దశకం రెండో సగంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. మందుకి లొంగని పురుగు మిగిలింది, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చాయి. ఆ అప్పుల్లో ఎందరు రైతులు అదే మందు తాగారో ఇక్కడివాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. దండన పెంచుతూ పోయిన ఇంట్లో నేను చూసింది ఈ లెక్కే. మొండితనం పెరిగింది. దాన్ని తగ్గించగలిగిన నమ్మకం, నవ్వు, నిద్ర ముందే పోయాయి. బహుమతులు పెట్టినా ఇంచుమించు ఇంతే. చేస్తే చాక్లెట్ అనడంలో, చేయకపోతే పోతుంది అన్న బెదిరింపు దాగే ఉంటుంది.

మరి చేయవలసింది ఏమిటి? నిజం చెప్పాలంటే ఈ విషయంలో గట్టి ప్రయోగ పరీక్షల మీద నిలిచిన చికిత్స ఏదీ ఇంకా లేదు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, స్వయంగా ఆ స్థితిలో ఉన్న పెద్దవాళ్ళు అనుభవం మీద కూడబెట్టిన ఎరుకే ఉంది. పి.డి.ఎ.కి మందు లేదు. ఆందోళన మరీ ఎక్కువైతే దానికి వైద్యుడు మందు రాయవచ్చు. మిగతాదంతా ఎదుటివాళ్ళు మారడమే. మొదటి పని, పురమాయింపుల లెక్క తీయడం. ఒక తల్లి పొద్దున లేచిన దగ్గర్నుంచి బడికి పంపేలోగా తానిచ్చే ఆజ్ఞలు లెక్కపెట్టుకుంటే కళ్ళు తిరుగుతాయి. అందులో తప్పనివి ఏవి? కాలవ గట్టు మీద పరుగెత్తకూడదు, మోటారు స్టార్టరు ముట్టుకోకూడదు. ఇలాంటివి నాలుగైదు. వాటిని గట్టిగా నిలబెట్టాలి. తల దువ్వుకోవడం, చుట్టాలకి నమస్కారం, కంచంలో మెతుకు మిగలకపోవడం, ఇవి ఆగితే ఆకాశం ఊడిపడదు. వాడి రోజు బాగాలేకపోతే ఇంకా తగ్గించాలి, బాగుంటే కొంచెం పెంచి చూడవచ్చు.

రెండోది, మాట తీరు. ఇంగ్లీషులో దీన్ని కొత్తగా కనిపెట్టినట్టు డిక్లరేటివ్ లాంగ్వేజ్ అని నేర్పుతున్నారు. ఆజ్ఞాపించకుండా, ఉన్నది ఉన్నట్టు పైకి అనడం. మా నాయనమ్మ తరంవాళ్ళకి ఇది వెన్నతో పెట్టిన విద్య. కోడలు మామగారి ఎదుట పడి మాట్లాడకూడదు కదా. స్తంభం చాటు నుంచి, పసిపిల్లతో అన్నట్టు, “తాతయ్యగారికి నీళ్ళు తోడి ఉన్నాయే అమ్మా” అనేది. పిల్లకి ఆ మాటతో పనిలేదు. మామగారు లేచి స్నానానికి వెళ్ళేవారు. ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు, పని జరిగింది. ఆ మర్యాదలో ఆడవాళ్ళ నోరు నొక్కిన అన్యాయం ఉన్నది నిజమే, దాన్ని తిరిగి తెమ్మనను. పనిముట్టు మాత్రం పనికొస్తుంది. ‘అన్నం తిను’ బదులు ‘వడ్డించి మూత పెట్టాను, నేను వసారాలో ఉంటా’. ‘చొక్కా వేసుకో’ బదులు రెండు చొక్కాలు మంచం మీద పెట్టి బయటికి వెళ్ళిపోవడం. ‘పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలియడం లేదు’ అని పైకి అనుకోవడం. చెప్పాక ఎదురుచూడకూడదు, అదే కష్టం. ఓరకంట చూస్తే చాలు, చూపు కూడా పురమాయింపే.

దీన్ని మాయోపాయంగా వాడితే మాత్రం మూడు రోజుల్లో కనిపెట్టేస్తారు, ఆ తర్వాత ఏ మాటా నమ్మరు. నిజంగానే వద్దనే వీలు ఉంచాలి. తినకపోతే తినకపోవడానికి మనం సిద్ధపడి ఉంటేనే ఆ మాటకి బలం. మెచ్చుకోలు విషయంలో కూడా జాగ్రత్త. తాలుకాయలు ఏరిన పిల్లవాడితో తాత ఏమనాల్సింది? వాడితో కాదు, పక్కన కూర్చున్న కూలామెతో, “ఈ ఏడు తాలు బాగా తక్కువొచ్చిందే” అంటే సరిపోయేది. అన్నిటికీ మించి, ఈ ఇళ్ళలో తల్లిని వదిలేయాలి. పెంపకం బాగాలేదని అత్తగారు, వదినె, బళ్ళో మేష్టారు తలా ఒకటి అన్నప్పుడల్లా ఆమె భయం పెరుగుతుంది, ఆ భయం రాత్రికి పిల్లవాడి మీద ఆజ్ఞ రూపంలో దిగుతుంది.

పెద్దయ్యాక తగ్గుతుందా అని అందరూ అడుగుతారు. ఫారో దీవుల్లో క్రిస్టోఫర్ గిల్‌బెర్గ్ బృందం చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. ఆటిజం ఉన్న యువతీయువకుల్లో ఇంచుమించు ఐదో వంతుకి చిన్నప్పుడు ఈ లక్షణాలు ఉన్నాయని, వయసు వచ్చేసరికి వాళ్ళలో ఒకరికి మాత్రమే పూర్తిగా మిగిలాయని తేలింది. చాలా చిన్న సంఖ్యలు, మరీ బరువు మోపకూడదు. తగ్గిందా, దాచుకోవడం నేర్చుకున్నారా అన్నది కూడా ఆ లెక్కలు చెప్పవు.

మన దేశంలో 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది. 2016 చట్టంలో ఇరవై ఒక్క వైకల్యాల జాబితాలో స్థానం దొరికింది. 1984లో సికిందరాబాదులో స్థాపించిన జాతీయ సంస్థ (అప్పటి పేరు ఎన్.ఐ.ఎం.హెచ్., ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి.) ఆటిజం తీవ్రతని కొలిచే భారతీయ కొలబద్దని తయారుచేసింది. ధ్రువపత్రానికి ఆధారం అదే. అందులో పి.డి.ఎ.కి ప్రత్యేకమైన గడి లేదు. పైగా ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ గలగలా మాట్లాడే పిల్లవాడికి మార్కులు తక్కువ పడతాయి. అయినా ఆటిజం ఉందన్న అనుమానముంటే పరీక్ష చేయించడమే మంచిది. పేరు ఎంత అసంపూర్ణమైనా, బళ్ళో మేష్టారి ముందు పెట్టడానికి ఒక కాగితం ఉంటుంది. లేకపోతే ఆయన చేతిలో ఉండేది బెత్తం, మన చేతిలో ఉండేది బతిమాలుకోవడం.

ఆ పిల్లవాడికి పరీక్ష పదహారో ఏట జరిగింది. కాగితం వచ్చింది. వాళ్ళమ్మ ఆ కాగితం కన్నా, డాక్టరమ్మ నోటితో అన్న ‘మీ పెంపకం తప్పు కాదు’ అన్న మాట పట్టుకుని బస్సులో దారంతా ఏడ్చిందట. పదో తరగతి ఓపెన్ స్కూల్లో ఒక్కో సబ్జెక్టు చొప్పున రాస్తున్నాడు, ఇంకా రెండున్నాయి. పగలు పడుకుంటాడు. రాత్రిళ్ళు మేనమామ షెడ్డులో కాలిపోయిన బోరు మోటార్లకి రాగి తీగ చుడతాడు. మేనమామకి ఒప్పందం అర్థమైంది. మోటారు బల్ల మీద పెట్టి, ఎవరిదో చీటీ మీద రాసి, ఎప్పటికి కావాలో రాయకుండా ఇంటికి పోతాడు. కొన్ని రాత్రులు మూడు మోటార్లు అవుతాయి, కొన్ని వారాలు ఒక్కటీ కాదు. తొందరగా కావలసిన రైతుల్ని మేనమామ పక్క వీధి షాపుకి పంపుతున్నాడు.